బెంగళూరు నుంచి కాపు లైట్‌హౌస్: టికెట్లకన్నా ముందు ఆటుపోట్లు చూసుకోండి

మీరు అడిగింది ఇదీ: ఉండేది మారతహళ్ళిలో. ఆరేళ్ళ పాప, పదకొండేళ్ళ బాబు, మోకాళ్ళ నొప్పులున్న అత్తగారు, మీరిద్దరు, మొత్తం ఐదుగురు. శుక్రవారం రాత్రి బయల్దేరి సోమవారం పొద్దునకి ఇంట్లో ఉండాలి. పిల్లలు లైట్‌హౌస్ ఎక్కాలి, రాళ్ళ మీద కూర్చుని సముద్రం చూడాలి, పెద్దావిడ ఇబ్బంది పడకూడదు. ఉడుపి దగ్గర కాపు దీనికి సరిపోతుందా, కారా రైలా, ఏ నెల మంచిది?

కాపు సరిపోతుంది. రైల్లో వెళ్ళండి. నవంబరు నుంచి ఫిబ్రవరి లోపు వెళ్ళండి. ఇవి తేలిక ప్రశ్నలే. మీరు అడగని ప్రశ్న ఒకటుంది, ఈ ప్రయాణం బాగుండటం దాని మీదే ఆధారపడి ఉంది: ఏ శనివారం?

కాపు దీపస్తంభం 1901లో కట్టింది. నలుపు తెలుపు పట్టీల గుండ్రటి గోపురం, ఎత్తు 27 మీటర్లు. అది ఇసుకలో లేదు, సముద్రంలోకి చొచ్చుకొచ్చిన పెద్ద బండరాయి నెత్తిన ఉంది. ముందు బండకి ఉన్న మెట్లెక్కాలి, ఆ తర్వాత గోపురం లోపలి మెట్లు. సందర్శకులను లోపలికి పంపేది సాయంత్రం పూట మాత్రమే, సుమారు నాలుగింటి నుంచి ఆరింటి దాకా. ఉదయమే వచ్చి తలుపుకి తాళం చూసి, ఎండలో ఫొటో దిగి వెళ్ళిపోయేవాళ్ళు ప్రతి వారాంతం ఉంటారు. సమయం అప్పుడప్పుడు అరగంట అటూ ఇటూ మారుస్తుంటారు కాబట్టి మీరు దిగిన హోటల్లో ఒకసారి కనుక్కోండి.

అంటే మీకు దొరికేది రెండు గంటల సాయంత్రం. ఆ రెండు గంటల్లో సముద్రం పోటు మీదుంటే రాళ్ళ అడుగుభాగం నీళ్ళలో ఉంటుంది, అలలు నేరుగా బండకు కొడుతుంటాయి. పిల్లలు పైకెక్కి దిగడం తప్ప చేసేదేమీ ఉండదు. ఆటు మీదుంటే రాళ్ళు బయటపడతాయి, వాటి మధ్య గుంటల్లో నీళ్ళు నిలుస్తాయి, పీతలు కనిపిస్తాయి. చోటు ఒకటే అయినా ఆ రెండు సాయంత్రాలకీ పోలిక ఉండదు.

ఇక లెక్క. ఈ తీరంలో రోజుకి రెండు పోట్లు, రెండు ఆట్లు. ప్రతిదీ మర్నాటికి సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. వారం గడిస్తే ఏడు యాభైలు 350 నిమిషాలు, అంటే దాదాపు ఆరు గంటలు. పోటుకీ ఆటుకీ మధ్య దూరం కూడా ఆరు గంటలే. అందుకే ఈ శనివారం సాయంత్రం ఐదింటికి ఆటు ఉంటే, వచ్చే శనివారం అదే ఐదింటికి ఇంచుమించు పోటు ఉంటుంది. మంచి శనివారాలు ఒకటి విడిచి ఒకటి వస్తాయన్నమాట. ఇంట్లో పంచాంగం ఉంటే సగం పని అయినట్టే: ఈ తీరంలో అమావాస్య, పౌర్ణమి దగ్గర పడే శనివారాల్లో ఆటు సాధారణంగా సాయంత్రం వైపు వస్తుంది. ఆ రోజుల్లో నీటిమట్టం తేడా కూడా ఎక్కువ, రాళ్ళు ఎక్కువ బయటపడతాయి. అష్టమి దగ్గరి శనివారాలు పక్కన పెట్టండి.

పంచాంగంతో వారాన్ని ఎంచుకున్నాక పట్టికతో ఖరారు చేసుకోండి. మన హైదరాబాదులోనే ఉన్న ఇన్‌కాయిస్ (INCOIS) అనే కేంద్ర ప్రభుత్వ సముద్ర సమాచార సంస్థ వెబ్‌సైట్లో ఆటుపోట్ల అంచనాలు ఉంటాయి. మల్పె గానీ న్యూ మంగళూరు గానీ చూస్తే చాలు, కాపు ఆ రెంటి మధ్యే ఉంది. గంట ఒక్కటే చూసి ఊరుకోకండి, పక్కనున్న ఎత్తు అంకె కూడా చూడండి. ఒకే రోజు వచ్చే రెండు ఆట్లూ సమానంగా దిగవు.

ఆ అంకెలను ఎలా వాడుకోవాలో ఒక ఉదాహరణ. పోటు ఉదయం 11:30కి, ఆటు సాయంత్రం 5:30కి, మధ్య తేడా 120 సెంటీమీటర్లు అనుకుందాం. నీళ్ళు గంటకి 20 సెంటీమీటర్ల చొప్పున సమంగా దిగవు. మొదటి గంటలో 10, రెండో గంటలో 20, మూడు నాలుగు గంటల్లో 30 చొప్పున, ఐదో గంటలో 20, చివరి గంటలో మళ్ళీ 10 దిగుతాయి. ఎక్కేటప్పుడూ ఇదే వరస. కాబట్టి ఆటు వేళకి గంట ముందు నుంచి గంట తర్వాత దాకా నీళ్ళు దాదాపు నిలకడగా ఉంటాయి, పిల్లలతో రాళ్ళ మీద ఉండదగ్గ సమయం అదే. ఆటు తర్వాత రెండో గంట కూడా దాటిందంటే నీళ్ళు గంటకి 30 సెంటీమీటర్ల వేగం అందుకుంటాయి. ఇందాక దాటొచ్చిన గుంట అప్పటికి పాప నడుము దాకా వస్తుంది. ఫోన్లో అలారం పెట్టుకుని, అది మోగగానే లేవండి.

ఆటుపోట్లు బాగున్నా అలలు బాగుండకపోవచ్చు. రెండూ వేరు. ఇన్‌కాయిస్ అలల ఎత్తు, వాటి మధ్య వ్యవధి రెండూ చెబుతుంది. కుటుంబంతో వెళ్ళేవాళ్ళకి నా కొలత: అలల ఎత్తు మీటరు లోపుంటే రాళ్ళ మీదకి వెళ్ళొచ్చు, మీటరు దాటితే ఇసుకలోనే ఆగండి, మీటరున్నర దాటితే నీళ్ళకి దూరంగా కూర్చుని చూడండి. వ్యవధి 15 సెకన్లకు పైన ఉంటే ఎత్తు తక్కువగా కనిపించినా నమ్మకండి. అది ఎక్కడో దూరాన, హిందూ మహాసముద్రపు దక్షిణ కొసన పుట్టి రోజుల తరబడి ప్రయాణించి వచ్చిన అల. ఇక్కడ ఆకాశం నిర్మలంగా ఉంటుంది, గాలి ఉండదు, నీళ్ళు మాత్రం ఉన్నట్టుండి మీదికొస్తాయి. మలయాళీ జాలర్లు దీన్ని కళ్ళక్కడల్ అంటారు, దొంగలా వచ్చే సముద్రం అని. ఎక్కువగా వేసవిలో వస్తుంది, అందుకే ఏప్రిల్, మే నెలలు వద్దంటాను. జూన్ నుంచి సెప్టెంబరు దాకా అసలు ఆలోచనే వద్దు. పడమటి తీరంలో జూన్, జూలై నెలల్లో మరపడవల వేటే ఆపేస్తారు.

రాళ్ళ సంగతి కాస్త వివరంగా చెప్పాలి, దెబ్బలు తగిలేది ఇక్కడే. బండని పక్కనుంచి చూస్తే రంగు పట్టీలు కనిపిస్తాయి. అన్నిటికన్నా పైన ఎండిన బూడిదరంగు, గరుకుగా ఉంటుంది, నడవడానికి అదే చోటు. దాని కింద నల్లటి పట్టీ. ఎండినట్టే కనిపిస్తుంది గానీ పైన సన్నటి జీవపదార్థపు పొర ఉంటుంది. చిన్న తుంపర పడిందంటే సబ్బు రాసిన గచ్చులా జారుతుంది. ఆకుపచ్చ పాచిని చూసి అందరూ జాగ్రత్తపడతారు, ఈ నల్లదాని మీదే కాళ్ళు జారతాయి. ఇంకా కింద తెల్లగా, చిన్న చిన్న అగ్నిపర్వతాల్లా అతుక్కుని ఉండేవి బార్నకిల్స్ అనే గుల్లలు. అక్కడ చెప్పు జారదు గానీ, పడితే చెయ్యి గీరుకుపోతుంది, వట్టి కాలు పెడితే తెగుతుంది. ఆ కింద పాచి, ఎప్పుడూ తడి. పిల్లలకి ఒకటే మాట చెప్పండి: బూడిదరంగు మీద నడువు, తెలుపు మీద కూర్చోకు, నలుపూ పచ్చా ముట్టుకోకు. ఆరేళ్ళ పాపకి కూడా ఇది గుర్తుంటుంది.

దిగే ముందు పావుగంట నిలబడి అలలను చూడండి. పెద్ద అలలు విడివిడిగా రావు, గుంపుగా వస్తాయి, మధ్యలో కొన్ని నిమిషాల విరామం ఇస్తాయి. ఆ విరామంలో వచ్చినవాళ్ళే ‘సముద్రం శాంతంగా ఉంది’ అనుకుని అంచుకి వెళ్తారు. పావుగంటలో అతి పెద్ద అల ఎంత ఎత్తు దాకా తడిపిందో గుర్తుపెట్టుకుని, ఆ తడి గీతకి కనీసం మూడు నాలుగు మీటర్లు పైనే ఉండండి. సముద్రానికి వీపు తిప్పి సెల్ఫీ తీసుకోవద్దు, తీసేవాళ్ళు కూడా వెనక్కి అడుగులు వేయొద్దు. ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ రెండు కాళ్ళూ రెండు చేతుల్లో ఏవైనా మూడు ఎప్పుడూ రాయికి ఆని ఉండాలి. ఏటవాలు చోట కూర్చుని జరగడంలో నామోషీ లేదు.

కాళ్ళకి వెనక పట్టీ ఉన్న, అడుగున గాళ్ళున్న రబ్బరు శాండిల్స్ గానీ పాత స్పోర్ట్స్ బూట్లు గానీ వేయండి. హవాయి చెప్పులు, క్రాక్స్ తడిశాక లోపల కాలే జారుతుంది. ఒక్కొక్కరికీ రెండో జత పొడిది సంచిలో ఉండాలి.

గుంటల్లో చూడటానికి చాలా ఉంటాయి: ఖాళీ నత్తగుల్లలో కాపురముండే సన్యాసి పీతలు, ముట్టుకుంటే ముడుచుకుపోయే పువ్వుల్లాంటి సీ అనిమోన్లు, రాయికి టోపీలా అతుక్కున్న నత్తలు. వంగి నీడ పడకుండా రెండు నిమిషాలు కదలకుండా ఉంటే అవే బయటికొస్తాయి. రాళ్ళు తిరగేయొద్దు, తిరగేస్తే అడుగున ఉన్నవి ఎండకి చస్తాయి. శంకువు ఆకారంలో, నున్నగా, చుక్కలూ గీతలతో అందంగా ఉన్న గుల్ల కనిపిస్తే ఎవరూ చేతిలోకి తీసుకోవద్దు. అవి కోన్ నత్తలు, విషపు ముల్లు విసురుతాయి. ఒళ్ళంతా ముళ్ళుండే సీ అర్చిన్ అనే జీవి ముల్లు గుచ్చుకుంటే పైకి కనిపించే ముక్కని ట్వీజర్‌తో తీసి, ఓర్చుకోగలిగినంత వేడి నీళ్ళలో, అంటే 40 నుంచి 45 డిగ్రీల్లో, అరగంట పైన ఉంచాలి. పక్కనుంచి నొక్కి పిండకూడదు, ముల్లు లోపలే విరుగుతుంది. ఒక ఫ్లాస్కులో వేడి నీళ్ళు పెట్టుకోండి. అవసరం పడకపోతే కాఫీకి పనికొస్తాయి. గుల్లలకి గీరుకున్న గాయాన్ని మంచినీళ్ళతో, సబ్బుతో కడగాలి, మర్నాటికి ఎర్రబడి వాచితే డాక్టరుకి చూపించాలి. అత్తగారికి షుగరు కూడా ఉంటే ఆవిడ ఇసుకలో సైతం వట్టి కాళ్ళతో నడవకూడదు. గుల్ల కోసినా వెంటనే తెలియకపోవచ్చు.

నీళ్ళలో ఆట రాళ్ళ పక్కన వద్దు. ఒడ్డుకొచ్చిన నీళ్ళు వెనక్కి పోవడానికి రాళ్ళ అంచు వెంటా, ఏరు కలిసే చోటా దారి చేసుకుంటాయి. అదే రిప్ కరెంట్. రెండు వైపులా అలలు విరుగుతుంటే మధ్యలో నున్నగా, కాస్త ముదురు రంగులో కనిపించే పట్టీ దాని గుర్తు. తెలియనివాళ్ళు అక్కడ అలలు లేవని అక్కడే దిగుతారు. ఎవరైనా చిక్కుకుంటే ఒడ్డు వైపు ఈదకూడదు, అలిసిపోవడమే అవుతుంది. తేలుతూ, చెయ్యెత్తి పిలుస్తూ, వీలైతే ఒడ్డుకి సమాంతరంగా పక్కకి జరగాలి. పిల్లలకి మోకాలి లోతు హద్దు. పెద్దవాళ్ళు వాళ్ళకి సముద్రం వైపు నిలబడాలి, ఒడ్డు వైపు కాదు.

గోపురం విషయానికొస్తే, టికెట్ నామమాత్రమే. చిల్లర నగదు ఉంచుకోండి. మెట్లు ఇరుకు, గుండ్రంగా తిరుగుతాయి, పైకొచ్చేకొద్దీ నిటారు అవుతాయి. ఎక్కేవాళ్ళూ దిగేవాళ్ళూ ఒకరికొకరు అడ్డం పడకుండా విడతలుగా పంపుతారు, శని ఆదివారాల్లో ఇక్కడే ఆలస్యం. మూడున్నరకే వరసలో నిలబడితే మొదటి విడతలో వెళ్ళొచ్చు. పాపని ఎత్తుకుని ఎక్కకండి, ఒకరు ముందు, పాప మధ్యలో, ఇంకొకరు వెనక. దిగేటప్పుడు పెద్దవాళ్ళు ముందు. పైన గాలి ఎక్కువ, టోపీలూ కళ్ళద్దాలూ కిందే వదిలేయండి, ఫోన్‌కి మణికట్టు తాడు కట్టండి. ఏసీ గదిలోంచి తెచ్చిన కెమెరా లెన్సుకి బయటి వేడి తేమగాలి తగలగానే ఆవిరి పడుతుంది, తుడిస్తే మళ్ళీ పడుతుంది. గంట ముందే సంచిలో పెట్టి బయట ఉంచండి.

పైకెళ్ళాక బాబుకి ఒక లెక్క ఇవ్వండి. ఇసుకలో నిలబడ్డ మనిషికి సముద్రపు అంచు సుమారు ఐదు కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. గోపురం మీంచి, కింది బండ ఎత్తు కూడా కలుపుకుంటే, దాదాపు ఇరవై ఉంటుంది. కంటి ఎత్తుని మీటర్లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 3.57తో గుణిస్తే కిలోమీటర్లు వస్తాయి. లైట్‌హౌస్ ఎత్తుగా కట్టేది ఎందుకో ఆ ఒక్క లెక్కతో అర్థమవుతుంది. దీపాల గాజు గురించి కూడా చెప్పండి: ఫ్రెనెల్ అనే ఫ్రెంచి ఇంజనీరు 1820ల్లో తయారుచేసిన ఆలోచన అది. ఒకే లావుపాటి కటకం బదులు గాజు పట్టకాలను వలయాలుగా పేర్చి, నలువైపులా చెదిరిపోయే వెలుతురుని ఒక పట్టీగా ముందుకు పంపుతారు. చిన్న దీపం మైళ్ళ దూరం కనిపించేది అందుకే.

అత్తగారిని ఎక్కించకండి. బండ మెట్లు కూడా వద్దు. నొప్పున్న మోకాళ్ళకి ఎక్కడం కన్నా దిగడం కష్టం, అది తెలిసేది పైకెళ్ళాకే. ఒక మడత కుర్చీ తీసుకెళ్ళి, నీడ చూసి, మీలో ఒకరు ఆవిడ దగ్గరుండి, ఒకరి తర్వాత ఒకరు పిల్లల్ని తీసుకెళ్ళండి. ఆవిడ కూడా లైట్‌హౌస్ ఎక్కాలని గట్టిగా అంటే అది వేరే ప్రయాణం: చెన్నై మెరీనా లైట్‌హౌస్‌కి లిఫ్ట్ ఉంది, అది సోమవారం సెలవు. రాళ్ళ బీచ్ మాత్రం అక్కడ ఉండదు.

సూర్యాస్తమయం నవంబరు చివర ఆరింటికి, ఫిబ్రవరి మధ్యలో ఆరున్నర దాటాక. ఆ తర్వాత ఇరవై నిమిషాలకే చీకటి. రాళ్ళ మీదున్నవాళ్ళు సూర్యుడు నీళ్ళని తాకక ముందే ఇసుకలోకి వచ్చేయాలి. ఇద్దరికొక టార్చి, తలకి కట్టుకునేదైతే చేతులు ఖాళీగా ఉంటాయి. దీపం వెలిగాక పది నిమిషాలు ఆగండి. ఏ లైట్‌హౌస్ మెరుపుల వరస దానిదే, నావికులు ఆ వరసని బట్టే తామెక్కడున్నామో గుర్తుపడతారు. పిల్లల చేతికి వాచీ ఇచ్చి మెరుపుల మధ్య సెకన్లు లెక్కపెట్టమనండి.

ప్రయాణం. కారులో బెంగళూరు నుంచి ఉడుపి సుమారు 400 కిలోమీటర్లు, శిరాడి ఘాట్ మీదుగా తొమ్మిది గంటలు. శుక్రవారం రాత్రి నెలమంగల దాటడానికే గంటన్నర పోవచ్చు, ఆపైన నిద్రమత్తులో ఘాట్ దిగాలి, ఆదివారం అదంతా మళ్ళీ. రెండు రోజుల కోసం అంత అవసరం లేదు. పంచగంగ ఎక్స్‌ప్రెస్ సాయంత్రం బెంగళూరులో ఎక్కితే తెల్లవారకముందే ఉడుపిలో దింపుతుంది, ఆదివారం రాత్రి ఎక్కితే సోమవారం పొద్దున్న వచ్చేస్తారు. రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు, మంచి శనివారాన్ని ఎంచుకుని తెరిచిన రోజే తీసుకోండి. ఐదుగురికీ ఒకే టికెట్ తీస్తే అత్తగారికి కింది బెర్తు దొరుకుతుందన్న నమ్మకం లేదు. ఆవిడ ఒక్కరికీ లోయర్ బెర్త్ కోటాలో విడిగా తీయండి. పక్కన వయసు తక్కువవాళ్ళని చేరిస్తే ఆ కోటా వర్తించదు. హోటల్ వాళ్ళకి తెల్లవారుజామున దిగుతామని ముందే చెప్పండి. లేకపోతే మధ్యాహ్నం దాకా రిసెప్షన్ సోఫాలో కూర్చోవాల్సి వస్తుంది.

శనివారం ఉదయం నిద్ర, టిఫిను, కృష్ణ మఠం. మధ్యాహ్నం విశ్రాంతి తీసుకుని మూడింటికల్లా బయల్దేరండి. ఉడుపి నుంచి కాపు 13 కిలోమీటర్లు దక్షిణంగా, జాతీయ రహదారి 66 మీద, ఊళ్ళోంచి బీచ్ ఇంకో రెండు మూడు కిలోమీటర్లు లోపలికి. ట్యాక్సీని తిరుగు ప్రయాణానికి కూడా మాట్లాడుకోండి, చీకటి పడ్డాక అక్కడ ఆటోలు దొరకడం మీ అదృష్టం. తలకి లీటరు నీళ్ళు, రెండు ఓఆర్ఎస్ పొట్లాలు, ఒక్కొక్కరికీ ఒక పొడి జత బట్టలు, తడివాటికి మందపాటి ప్లాస్టిక్ సంచి. పిల్లలకి వేడి గోళీ బజె (మన మైసూరు బజ్జీ లాంటివి) పెట్టించండి, తడి ఆరబెట్టుకుంటూ తినడానికి అంతకన్నా మంచిది ఆ తీరంలో లేదు.

ఆదివారాన్ని ఖాళీగా ఉంచమంటాను, శనివారం అలలు పెద్దవైనా, వరస పొడుగైనా మళ్ళీ ప్రయత్నించడానికి. ఆదివారం ఆటు 50 నిమిషాలు ఆలస్యం కాబట్టి ఆ లెక్క మళ్ళీ వేసుకోండి. రద్దీ మాత్రం ఎక్కువ ఉంటుంది. శనివారమే పని అయిపోతే ఉదయం మల్పె నుంచి పడవలో సెయింట్ మేరీస్ దీవి. దాదాపు 8.8 కోట్ల ఏళ్ళ నాడు, భారత్, మడగాస్కర్ విడిపోయే కాలంలో చల్లారిన లావా అక్కడ పలకల స్తంభాల్లా నిలబడి ఉంది. పడవ ఎక్కడం దిగడం కుదుపుగా ఉంటుంది, అత్తగారికి అదీ కష్టమే. అందరూ కలిసి వెళ్ళాలంటే కాపుకి దక్షిణాన ఉన్న పడుబిద్రి మంచిది. శుభ్రతకీ భద్రతకీ ఇచ్చే బ్లూ ఫ్లాగ్ అనే అంతర్జాతీయ గుర్తింపున్న బీచ్, మరుగుదొడ్లూ స్నానాల గదులూ శుభ్రంగా ఉంటాయి. అక్కడే ఉప్పు కడిగించి, పొడి బట్టలు వేసి, పిల్లల్ని రైలెక్కించండి. లేకపోతే తెల్లవార్లూ ఇసుక దురదతో మిమ్మల్ని నిద్రపోనివ్వరు.